కారు రంగునకు క్రొత్త మెఱుగు పెట్టుటకు ముందు

ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించిన యిల్లాండ్రకు ఒక సంగతి బాగుగ తెలియును. కళాయివాడు వీథిలో కొలిమి పెట్టుకొని కూర్చుండి మొట్టమొదట చేయు పని తగరము పూయుట కాదు. గిన్నె లోపలి పాత పొరను, చిలుమును, జిడ్డును ఇసుకతో తోమి వదలించును. లోహము తేటపడిన పిదప కాచి, నవాసాగరము చల్లి, అప్పుడు గాని తగరమును ముట్టింపడు. జిడ్డు మిగిలిన చోట తగరము పట్టదు. పట్టినట్లు కనబడినను కొలది దినములలోనే పొరలుగా లేచిపోవును. అరచేతికి నూనె యంటియుండగా గోరింటాకు పెట్టుకొన్న పిల్లకు చేయి పండకపోవుటయు, గంజి వదలింపని నూలునకు రంగు సమముగ నెక్కకపోవుటయు ఈ జాతికి చెందినవే.

నేడు మన వాకిళ్లలో నిలిచియున్న కారుల విషయమునను న్యాయ మిదియే. అయినను ఇచట మాత్రము చాలమంది తొందరపడుచున్నారు. అంగడిలో క్రొత్త మైనపు డబ్బా యొకటి కొనుటయు, ఆదివారము ఉదయమున దానిని పాత మైనముపైననే రుద్దుటయు, పక్షము తిరుగక మునుపే మెఱుగు మాయమైనదని డబ్బాను నిందించుటయు పరిపాటి యైనది. డబ్బాయందును దోష ముండవచ్చును గాక. పెక్కు సందర్భములలో దోషము డబ్బాది కాదు, దాని క్రింద మిగిలిన జిడ్డుది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణముల సోదరీమణులను ముఖ్యముగ ఉద్దేశించి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఈ యూళ్లలో కారు కేవలము విలాసవస్తువు కాదు. బాడుగకు త్రిప్పు కారు మీదనే సంసారము నడచు నిండ్లు కలవు. పెండ్లికి కారు మాటలాడుకొన వచ్చినవారు మొదట చూచునది ఇంజను కాదు, రంగు. సొంతమునకు వాడుకొను కారైనను, అమ్మబోవునాడు పైకప్పు వెలిసినదని, బానెట్టు మసకబాఱినదని కొనువారు బేరము తగ్గించుదురు. ఒక్క బానెట్టునకు మరల రంగు వేయింపవలసి వచ్చినను అది వేల రూపాయల వ్యయము. అంత వ్యయము చేసినను, కర్మాగారమున పెద్ద పొయ్యిలో కాల్చి గట్టిపఱచిన తొలిపూతకు గల దృఢత్వము రెండవ పూతకు సామాన్యముగ రాదు. కావున ఉన్న పూతను కాపాడుకొనుట అందము కొఱకు మాత్రమే కాదు, ఇంటి లెక్కల పుస్తకమునకును సంబంధించిన పని. నేడు స్వయముగ కారు నడుపు స్త్రీలు ఈ మూడు పట్టణములలోను పెక్కురు కలరు. నడుపనివారి యిండ్లలోను గుడ్డ, సబ్బు, బకెట్టు ఇల్లాలి చేతి క్రిందివే గదా.

మన ప్రాంతపు దుమ్ము సామాన్యమైనది కాదు. యెఱ్ఱగుంట్ల, చిలంకూరు ప్రాంతములలో సున్నపురాతి గనులును, సిమెంటు కర్మాగారములును కలవు. ముద్దనూరు చెంత బొగ్గుతో విద్యుత్తు పుట్టించు రాయలసీమ థర్మల్ కేంద్రము 1994 నుండి నడచుచున్నది. బొగ్గు కాలగా మిగిలిన బూడిద సిమెంటు చేయుటకు పనికివచ్చును గనుక లారీల మీద రోడ్డు వెంబడి పోవుచుండును. పులివెందుల నుండి జమ్మలమడుగునకు పోవువారికి ముద్దనూరు దారిలోనే తగులును. ప్రొద్దుటూరు నుండి కడపకు పోవువారిలో పెక్కురు యెఱ్ఱగుంట్ల మీదుగ పోవుదురు. ఇక జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల చుట్టును నల్లరేగడి పొలములు. వేసవిలో అది మెత్తని పొడి, వానకాలమున వదలని జిగురు. పులివెందుల వైపున అరటితోటలు, చీనీతోటలు. అరటిగెలలు మోయు బండ్లకు తగులు అరటికఱ ఎంత మొండిదో చీరకు అంటించుకొన్నవారికి చెప్పనక్కఱలేదు. కారు రంగుమీదను అది అంతే.

ఈ దుమ్ములలో బూడిదకును సిమెంటునకును వేర్వేఱు గుణములు కలవు. బొగ్గుబూడిద కణములు సిలికా, అల్యూమినా కలిసిన గాజుజాతివి. పొడిగుడ్డతో తుడిచినచో అవి రంగుమీద సన్నని గీతలు గీయును. ఉదయమున లేవగానే భుజము మీది తువాలుతో కారు నొక్కమాఱు తుడిచి శుభ్రమైన దనుకొను అలవాటు మన యూళ్లలో ఇంటింటను కలదు. ఎండలో ఒకప్రక్కగా నిలిచి అట్టి కారును చూచినచో సాలెగూడు వలె గుండ్రని గీతలు కనబడును. కారు నింతగా పాడుచేయు అలవాటు వేఱొకటి లేదని నా యభిప్రాయము. ఎండ చేయు హానియు దీని తరువాతిదే.

సిమెంటు పొడి సంగతి వేఱు. దానిమీద రాత్రి మంచు గాని సన్నని తుంపర గాని పడినచో, గోడలో గట్టిపడినట్లే కారుమీదను గట్టిపడును. తడిసిన సిమెంటు బలమైన క్షారము. తాపీపనివారి అరచేతులు పగులుటకు కారణ మిదియే. అది గట్టిపడిన చోట రంగుపై గరుకు చుక్కలు నిలుచును. గోటితో గీకిన పోవు, గట్టిగ తోమిన చుట్టుప్రక్కల గీతలు పడును. బోరునీటితో కడిగి ఎండలో ఆఱనిచ్చిన కారుమీద తెల్లని నీటిమచ్చలు పడుటయు దీనికి చుట్టమే. నీరు కాచు పాత్రలో అడుగున కట్టు సున్నపు పెచ్చు మీ రెఱుగుదురు. నీటిలో కరిగియున్న సున్నపు లవణములు నీ రావిరియైనప్పుడు అచటనే దిగబడి మిగులును.

కారు రంగు ఒక్క పొర కాదు. లోహముపైన అడుగుపూత, దానిపైన రంగు, రంగుపైన గాజువంటి పారదర్శకపు పూత యుండును. అన్నియు కలిపి సామాన్యముగ 100 మొదలు 150 మైక్రాన్ల మందము. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పైనున్న పారదర్శకపు పూత ఒక్కటియే చూచినచో 40, 50 మైక్రాన్లకు మించదు. మన తలవెండ్రుక మందముకంటె తక్కువ. మెఱుపంతయు దానిలోనిదే, రక్షణయు దానిదే. గరుకు పాలిషులతో రుద్దిన ప్రతి మాఱును ఇందులో కొంత అరగిపోవును. అరగినది మరల రాదు. క్రొత్త మెఱుగు పెట్టుటకు ముందు చేయవలసిన శుద్ధియంతయు ఈ పలుచని పొరను వీలైనంత తక్కువ అరగదీసి పైమురికిని మాత్రము తీయు నేర్పే.

పూర్వపు కారుల కిట్టి పొరలు లేవు. 20వ శతాబ్దపు మొదటి సంవత్సరములలో గుఱ్ఱపుబండ్లకు వలెనే కారులకును వార్నీషు పూతలు పూసెడివారు. ఒక కారు ఆఱి సిద్ధమగుటకు వారములు పట్టుచుండెను. ఫోర్డు కంపెనీవారు 1914 నుండి 1925 వరకు తమ మోడల్ టి కారును నలుపు రంగున మాత్రమే చేసిరి. 1920 తరువాత డ్యూపాంటు వారి డ్యూకో యను లక్కరు వచ్చి వారముల పనిని గంటల పని చేసెను. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసిడరు కారులలో పాతవానికి చాలవఱకు రంగే పైపూత. అట్టి పాతబండి యెవరి యింట నైన నుండినచో, తెల్లని గుడ్డకు ఇంచుక పాలిషు అద్ది మూలలో మెల్లగ రుద్ది చూడవలయును. గుడ్డకు కారు రంగంటినచో పారదర్శకపు పూత లేదని గ్రహించి, అట్టి బండిపై చేయి మఱింత తేలికగ నుంచవలయును.

ఇక మెఱుగు ద్రవ్యముల సంగతి. ప్రకృతిసిద్ధమైన మైనములలో శ్రేష్ఠమైనది కార్నౌబా. బ్రెజిలు దేశపు ఈశాన్యభాగమున పెరుగు ఒకజాతి తాటిచెట్టు ఆకులనుండి తీయుదురు. అది 82 మొదలు 86 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి గాని కరగదు. తేనెపట్టు మైనము 62, 64 డిగ్రీలకే కరగును. డబ్బాలలో కార్నౌబా ఒక్కటియే యుండదు. మెత్తని మైనములు, నూనెలు, ద్రావకములు కలిసియుండును. మన కడపసీమ వేసవిలో నల్లని కారు బానెట్టు 70 డిగ్రీలు దాటి కాలుట కలదు. చలిదేశములలో కొన్ని నెలలు నిలుచు మైన మిచట కొన్ని వారములకే చెడుటకు కారణము దీనివలన తెలియుచున్నది. అందుచేతనే చాలమంది మైనము మాని, రసాయనిక పాలిమరులతో చేసిన సీలంటులకును, సిలికా మూలముగ గల సిరామిక్ కోటింగులకును మాఱుచున్నారు. ఈ మార్పుననే చిక్కంతయు నున్నది. పాలిమరు గాని సిరామిక్కు గాని పారదర్శకపు పూతను స్వయముగ తాకి పట్టుకొనవలయును. నడుమ మైనమున్నచో మైనమును పట్టుకొనును. మైనము ఎండకు జాఱినప్పుడు దానితోడనే పోవును.

అన్ని వేళల పాతదానిని తీయ నక్కఱలేదు. వాడుచున్న మైనమునే మరల పూయదలచినచో చక్కగ కడిగి ఆఱబెట్టి పూసిన చాలును. సీలంటుపైన కార్నౌబా మైనము పూయుటకును అభ్యంతరము లేదు. కార్నౌబాపైన సీలంటు నిలువదు. సిరామిక్ కోటింగు ముందే యున్న కారునకు మైనము పూయదలచినవారు దానిని తీయజూచుట వ్యర్థము. గట్టిపడిన సిరామిక్కు సబ్బునకు గాని ఆల్కహాలునకు గాని లొంగదు, పాలిషుతో అరగదీయవలసినదే. క్రొత్త కారు కొన్నవారు అంగడివారు పూసి యిచ్చినది ఏ జాతిదో అడిగి, ఆ చీటిని బండి కాగితములతోపాటు దాచవలయును. ఎక్కడనైన గీచుకొని క్రొత్తగ రంగు వేయించిన భాగమునకు కొన్ని వారముల వఱకు మైనము గాని కోటింగు గాని తగులరాదు. రంగులోని ద్రావకములు ఆ దినములలో మెల్లగ వెలుపలికి పోవుచుండును. రంగు వేసినవానినే గడువడుగుట మేలు. మెఱుపులేని మాటురంగు కారులకు ఈ వ్యాసములోని క్లే, పాలిషు, మైనములలో నేదియు తగదు.

పనికి పూనుకొనునప్పుడు నీడయు, చల్లని రేకును ముఖ్యము. ఉదయము ఏడు గంటలకు మొదలుపెట్టినచో మన వేసవిలోనైనను రెండు గంటల వ్యవధి దొరకును. ఎండలో సబ్బు ఆఱి మచ్చలగును. మొదట చేయి తగిలింపక నీరు పోసి వదులు దుమ్మును జార్చవలయును. పిదప రెండు బకెట్లు: ఒకదానిలో షాంపూనీరు, రెండవదానిలో మంచినీరు. గుడ్డను షాంపూనీటిలో ముంచి ఒక భాగమును తుడిచి, మంచినీటిలో జాడించి, అప్పుడు గాని మరల షాంపూలో ముంచరాదు. ఇసుక రెండవ బకెట్టున దిగిపోవును. కప్పుతో మొదలిడి క్రిందికి రావలయును. చక్రములకును క్రింది అంచులకును వేఱు గుడ్డ. గొట్టము విప్పి గంటసేపు నీరు పాఱవిడుచుట నీటి విలువ తెలిసిన మన సీమవారికి తగదు. నాలుగైదు బకెట్లతో కారు చక్కగ కడుగవచ్చును. నీరు అంతగ నక్కఱలేని శుద్ధిద్రావకములు నేడు అంగళ్లలో దొరకుచున్నవి గాని, అవి తేలికదుమ్మునకే తగినవి. రేగడి బురదకును సిమెంటునకును నీరు పోయకతప్పదు.

కారు కొఱకని అమ్ము షాంపూలు మైనమును కాపాడునట్లు మృదువుగ చేయబడినవి. పాత మైనమును తీయదలచిన దినమున అవి చాలవు. మైనము వదలించుటకని వేఱుగ నమ్ము ఘాటైన షాంపూలు కలవు. అవి దొరకని చోట గిన్నెలు తోము ద్రవసబ్బును వాడువారున్నారు. దీనిని గూర్చి వాదములు కలవు. ఏడాదికొక్కమాఱు, మార్పు చేయు దినమున మాత్రము వాడినచో హాని లేదనియే నా తలంపు. వారము వారము వాడిన రబ్బరు పట్టీలును, నల్లని ప్లాస్టిక్కు అంచులును వెలవెలబోవును. ఒకటి మాత్రము మఱువరాదు. గిన్నెల పొడి, బూడిద, కొబ్బరిపీచు, ఇనుపపీచు, బట్టల సోడా కారు దఱిదాపులకు రాగూడదు. మెఱుపుకొఱకు డీజిలు గుడ్డతో తుడుచుట కొందఱు డ్రైవర్ల అలవాటు. ఆ మెఱుపు జిడ్డు మెఱుపు. దుమ్మును పిలిచి కూర్చుండబెట్టును, తరువాత పూయు దేనినైనను పట్టనీయదు.

మైనము పోయినదో లేదో నీరే చెప్పును. మైనమున్న రేకుమీద నీరు తామరాకుమీది నీరువలె గుండ్రని బొట్లుగ నిలుచును. పోయిన చోట పలుచని తెఱవలె పఱచుకొనును. సగము రేకుపై బొట్లు, సగముపై తెఱ కనబడిన ఆ సగమును మరల కడుగవలయును.

సిమెంటు చుక్కలకును నీటిమచ్చలకును వంటింటి వెనిగరు పనికివచ్చును. వెనిగరు పులుపునకు సున్నము కరగును. సమభాగము నీరు కలిపి, మెత్తని గుడ్డను తడిపి, మచ్చమీద రెండు మూడు నిమిషములు పఱచియుంచి, తీసి, వెంటనే విస్తారముగ నీటితో కడుగవలయును. గీకరాదు. తీరనిచో మరల పఱచవలయును గాని బలము చూపరాదు. తొలుత తలుపు క్రింది అంచువంటి కనబడని చోట పరీక్షించుట మంచిది. ఇచట మన యూరి గృహిణులకు ఒక హెచ్చరిక. మన వాకిళ్లలోను వంటింటి అరుగులపైనను పఱచు కడపబండలు సున్నపురాతి జాతివే. నిమ్మరసము పడిన చోట బండ మసకబాఱుట మీరు చూచియుందురు. వెనిగరు నీరు కారుమీదినుండి బండలమీదికి కాఱినచో అవియు అట్లే మచ్చపడును. కావున బండిని మట్టినేలమీదనో వీథిలోనో నిలిపి ఈ పని చేయవలయును. వెనిగరు ఘాటు చాలదని మరుగుదొడ్లు కడుగు ఆసిడును వాడుట రంగునకు, క్రోమియపు అంచులకు, చేతులకు, ఊపిరికి చేటు.

తారుచుక్కలకు కిరసనాయిలు తడిపిన గుడ్డ చాలును. పిదప ఆ చోటును సబ్బుతో కడిగి జిడ్డు వదలింపవలయును. బ్రేకులనుండి రాలు ఇనుపరజను కంటికి కనబడదు గాని తెల్లని కారులమీద నారింజరంగు సూదిచుక్కలుగ తేలును. దీనికొఱకు అమ్ము ద్రావకములలో చాలవానియందు అమ్మోనియం థయోగ్లైకొలేటు అను ద్రవ్య ముండును. జుట్టునకు స్థిరముగ ఉంగరములు త్రిప్పుటకు వాడు మందులలోనిదియు ఇదియే. వాసన నెఱిగినవా రిట్టే పోల్చుకొందురు. చల్లిన కొలది నిమిషములకే ఇనుము తగిలిన చోట ఊదారంగు చాఱలు కాఱును. చూచుటకు వింతగ నుండును గాని ఆ వింత చూచుచు ఆఱనీయరాదు. చేతులకు తొడుగులు వేసికొని, గాలి యాడు చోట చేసి, డబ్బామీద వ్రాసిన నిమిషములు దాటక మునుపే కడిగివేయవలయును.

ఇంత చేసినను మిగులు గరుకును చేయియే పట్టగలదు. కడిగి తడిగ నున్న రేకుమీద, చేతికి పలుచని ప్లాస్టిక్కు సంచి తొడిగికొని, వ్రేళ్లను మెల్లగ జరపి చూడుడు. ఉత్తచేతికి నున్నగ తోచిన రేకు సంచిలోని చేతికి ఇసుక కాగితమువలె తోచును. ఈ గరుకును తీయుటకు జపానువారు 1980 తరువాతి సంవత్సరములలో క్లే యను ముద్దను కనిపెట్టిరి. పేరునకు మట్టియే గాని, అది సాగెడు కృత్రిమపు ముద్ద. చపాతిపిండివలె పిసికి బిళ్లగ చేసికొనవలయును. షాంపూనీరు గాని దానికొఱకైన జాఱుడు ద్రవము గాని ధారాళముగ చల్లి, బలము పెట్టక, గుండ్రముగ త్రిప్పక, అటునిటు సరళరేఖలో జరపవలయును. మొదట గరగరమను శబ్దము వచ్చును. గరుకు తీరిన పిదప ముద్ద నిశ్శబ్దముగ జాఱును. చెవియే కొలబద్ద. బిళ్ల మురికియైనప్పుడు మడిచి, మరల పిసికి, శుభ్రమైన వైపు తేవలయును. ముద్ద నేల పడినచో ధర యెంతయైనను పాఱవేయవలసినదే. దాని కంటిన ఒక్క ఇసుకరేణువు చాలును, బానెట్టునిండ గీతలు గీయుటకు. పిల్లల చేతి కీ పని ఈయరాదు.

దీని తరువాత కొందఱు పాలిషు చేయుదురు. ఇచట మాటల గందరగోళము కలదు. మన యంగళ్లలో పాలిషన్నను మైనమన్నను ఒకటే యనుకొందురు. పాలిషు పూతను సన్నగ అరగదీయునది. మైనము పైన కప్పునది. రబ్బింగు కాంపౌండు అన్నిటికంటె గరుకైన యరగదీత. సాలెగూటి గీతలు కంటికి మిక్కిలి బాధాకరముగ నున్నప్పుడు, మిగుల సన్నని పాలిషు, అనుభవము గల చేతితో, కొన్ని ఏండ్ల కొక్కమాఱు చేయించుట ఒప్పుకొనవచ్చును. ఏటేట పండుగకు కాంపౌండు కొట్టించుట మాత్రము, పట్టుచీరను ప్రతి శుభకార్యమునకు బండమీద బాది యుతికించుటయే. కొన్ని పాలిషులలో నూనెలు కలిసియుండి గీతలలో నిండి వానిని మఱుగుపఱచును. కారు నాటికి అద్దమువలె మెఱయును. రెండు వానలకు గీతలన్నియు తేలును. వెల యడుగునప్పుడే, గీతలు తీయుదురా, కప్పుదురా యని సూటిగ అడుగుడు.

పాలిషు చేసినను చేయకున్నను తుదిశుద్ధి ఆల్కహాలుతో. ఐసోప్రొపైల్ ఆల్కహాలు మందులషాపులలో దొరకును. ఒక భాగమునకు మూడు నాలుగు భాగములు శుద్ధజలము కలిపి, మైక్రోఫైబరు గుడ్డమీద చల్లి, ఒక్కొక్క రేకును తుడిచి, వెంటనే ఇంకొక పొడిగుడ్డతో ఒత్తవలయును. కంటికి కనబడని నూనెపొర దీనితో తొలగును. ఇది సులభముగ మండునది గనుక దగ్గఱ దీపము గాని బీడీ గాని ఉండరాదు. ఈ తుడుపు ముగిసిన తరువాత చేతితో రేకును తాకి మురియరాదు. వ్రేలి నూనెయు నూనెయే. అదే పూట క్రొత్త ద్రవ్యము పూయవలయును. రాత్రి ఆరుబయట విడిచి మఱునాడు పూయుదమనుకొన్నచో మంచుతోపాటు దుమ్మును దిగి, మరల మొదటికి వచ్చును.

పూయుటను గూర్చి చెప్పవలసినది కొంచెమే. పలుచగ పూయుడు. మందముగ పూసిన మైనము ఎక్కువకాలము నిలువదు సరికదా, తుడిచివేయుటకు చేతులు పడిపోవును. సీలంటులును సిరామిక్కులును గట్టిపడుటకు గంటలు పట్టును. ఎన్ని గంటలో డబ్బాపై వ్రాసియుండును. అంతవఱకు నీరు తగులనీయక కప్పుగల చోట నిలుపవలయును. బాడుగ కారు గలవారు బేరము లేని దినము చూచుకొని ఈ పని పెట్టుకొనవలయును. తడియారని కోటింగుతో తిరుపతి ప్రయాణము కట్టినచో పోసిన సొమ్ము దారి పాలగును.

ఈ మార్పునకు తగిన కాలము ఏది యని యడుగుదురేమో. దసరాకు ముందు చేయింతుమనువారే యెక్కువ. ప్రొద్దుటూరులో దసరా వైభవము చూడ చుట్టుప్రక్కలవారు వత్తురు. ఆ దినములలో కారు మెఱయవలెననుట సహజము. కాని మహానవమినాడు ఆయుధపూజలో పసుపు, గంధము, కుంకుమ పూయబడునది ఆ క్రొత్త పూతమీదనే. గట్టిపడిన సీలంటో సిరామిక్కో యుండిన మఱక త్వరగ వదలును, ఇది నిజము. అయినను కోటింగు పూసిన రెండు మూడు దినములలోనే పండుగ వచ్చినచో, బొట్లను అద్దముమీదను నంబరుపలకమీదను పెట్టి రంగును విడిచిపెట్టుట మేలు. తెల్లకారుమీద నిలిచిన పసుపు మఱకకు భయపడి తోమ నక్కఱలేదు. పసుపు రంగు ఎండకు తనంతట వెలియును. కుంకుమ అట్టిది కాదు, నేటి కుంకుమలలో కృత్రిమపు రంగులు కలియుచున్నవి; దానిని ఆ సాయంకాలమే తడిగుడ్డతో ఒత్తి తీయవలయును. పూలదండలు వాడి ఎండలో రేకునకు అంటుకొని ఆకారము ముద్రించును. వానిని మఱునాటి ఉదయమునకైన తీయుడు. నన్నడిగినచో పండుగకు ముందు చక్కగ కడిగించి, మైనము మార్పు కార్తికమున పెట్టుకొందును. అప్పటికి వానల జోరు తగ్గును, ఎండయు మెత్తబడును.

తుడుపు గుడ్డల మాట యొకటి మిగిలినది. మైక్రోఫైబరు గుడ్డలను ఇంటి బట్టలతో కలిపి ఉదుకరాదు. నూలుబట్టల పీచును పట్టుకొని మరల కారుమీద విడుచును. బట్టలు మెత్తబడుటకు వేయు సువాసనద్రవము వీనికి తగదు. ఆ ద్రవపు జిడ్డు గుడ్డ పోగులను కప్పి, నీరు పీల్చుగుణమును చెఱచును. గోరువెచ్చని నీటిలో కొంచెము ద్రవసబ్బుతో జాడించి, నీడను ఆఱవేసి, మైనమునకు వాడినవి, చక్రములకు వాడినవి, తుది తుడుపునకు వాడినవి వేర్వేఱు సంచులలో కట్టి యుంచవలయును. సంచులమీద పేరు వ్రాసిపెట్టినచో, మీరు ఇంట లేనప్పుడు చక్రముల గుడ్డతో బానెట్టు తుడుచువా రుండరు.